పండగ సరుకుల లెక్క: మా సంఘం అనుభవం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో, మధ్యాహ్నం గ్రామ సంఘాల అనుభవాలు చెప్పుకునే వేళ, అమరావతి ప్రాంతపు ఒక గ్రామ సంఘం నాయకురాలు మాట్లాడిన మాటలు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుని, అక్కడక్కడ మాత్రం సరిచేసి ఇస్తున్నాం.)



నన్ను కిస్తీల వసూలు గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ నేను మొదలెట్టేది క్రిస్మస్ సరుకుల దగ్గర. అదేమిటమ్మా, కిస్తీలకీ కేకులకీ ఏం సంబంధం అంటారా? ఒక్క పది నిమిషాలు వినండి. పొద్దున అధ్యక్షురాలు గారు నివేదిక చదువుతూ, ఏటా ఫిబ్రవరి, మార్చిలోనే కిస్తీలు ఎందుకు వెనకబడుతున్నాయి అని అడిగారు కదా. నాకు తెలిసిన జవాబు నేను చెప్తున్నాను.

మా సంఘంలో మేం 11 మందిమి. ఆరుగురం క్రిస్మస్ చేసుకుంటాం, నలుగురు సంక్రాంతి చేసుకుంటారు, ఒక చెల్లెలు రంజాన్ చేసుకుంటుంది. మా ఊళ్ళో సంఘం అంటే రెండు అర్థాలు. ఆదివారం పొద్దున వెళ్ళేదీ సంఘమే, పొదుపు కట్టేదీ సంఘమే. మా అత్తగారు ఒకసారి పాస్టరు గారి దగ్గరకెళ్ళి లోను ఎప్పుడిస్తారని అడిగింది. (నవ్వులు)

మొన్న నేను పాత మినిట్స్ పుస్తకాలు తీసి డిసెంబరు పేజీలు తిరగేశాను. అంతర్గత అప్పులు ఎవరెవరు ఏం కారణం చెప్పి తీసుకున్నారో చూశాను. ‘గేదె దాణా.’ ‘పురుగు మందులు.’ ‘ఇంటి రిపేరు.’ మళ్ళీ ‘గేదె దాణా.’ ఒక డిసెంబరులో నలుగురు గేదె దాణాకే తీసుకున్నారు. ఆ నలుగురిలో గేదెలున్నది ఇద్దరికే. మిగతా ఇద్దరిలో ఒకదాన్ని నేను.

పండగకి అని రాయడానికి సిగ్గు. అప్పు చేసి తింటున్నారు అనుకుంటారని. పైనుంచి ఎవరన్నా పుస్తకం చూస్తే, ఆదాయం వచ్చే పనికి వాడలేదు అంటారని భయం. అందుకని అబద్ధం రాశాం. పుస్తకంలో అబద్ధం రాశాక ఇక దాని గురించి మీటింగులో మాట్లాడటానికి ఉండదు కదా. ఎంత కొనాలి, ఎక్కడ కొనాలి, ఎప్పుడు తీరుస్తావు, ఇవేవీ ఎవరూ అడగలేదు. గేదె ఎంత తింటుంది అని ఎవరడుగుతారు?

నా సంగతి చెప్తాను. ఎనిమిదేళ్ళ కిందట మా పెద్దమ్మాయికి పెళ్ళయిన ఏడాది. మొదటి క్రిస్మస్‌కి అల్లుడు గారు, వియ్యపురాలు, వియ్యంకుడు గారు అందరూ వస్తున్నారు. మనకి తెలిసిందే, అలాంటప్పుడు చెయ్యి ఆగదు. సంఘంలో తీసుకున్నది చాల్లేదు. ఊళ్ళో మిరపకాయలు కొనే ఒకాయన దగ్గర 15,000 తెచ్చాను, నూటికి మూడు. నెలకి 450. పైగా మేం కౌలుకి చేసే ఎకరం మిరప, మొదటి కోత ఆయనకే వేస్తామని నోటిమాట. కిరాణా కొట్టులో ఖాతా వేరే. నేను చెప్పడం, కొట్టాయన రాసుకోవడం. ఎంత రాశాడో పండగయ్యాక చూస్తే 6,400.

అల్లుడు గారు వచ్చారు, తిన్నారు, బాగుందన్నారు. ఆ మాట అబద్ధం కాదు, నాకు సంతోషమే. కానీ 26న పొద్దున చూస్తే గుండిగలో పలావు అడుగున మూడో వంతు అలాగే ఉంది. అయిదు కిలోల బియ్యం పోశాను. తీసుకెళ్ళి గేదె తొట్లో పోస్తే మసాలా వాసనకి అది కూడా మూతి తిప్పుకుంది. పుస్తకంలో దాణా అని రాసినందుకు దేవుడు నాకు అలా చూపించాడు అనుకున్నాను. కూల్‌డ్రింకు రెండు లీటర్ల సీసాలు పది తెచ్చాం, అందులో నాలుగు మూత తీసి గ్యాసు పోయి పక్కన పడున్నాయి. ఎనిమిదో తరగతి చదివే మా చిన్నమ్మాయి కూర్చుని నోటు పుస్తకం వెనక అట్ట మీద అన్నీ రాసింది. ఏది ఎంత కొన్నాం, ఎంత మిగిలింది, ఎంత పారబోశాం. రాసి రాసి నన్నడిగింది, ‘అమ్మా, మాంసం మూడు కిలోలు తెచ్చాం కదా, నువ్వు తిన్నావా?’ అని. నేను తినలేదు. అందరికీ వడ్డించేసరికి గిన్నెలో పులుసు మిగిలింది, గోంగూరలో కలుపుకుని తిన్నాను. మీలో ఎంతమంది అలా తిన్నారో చేతులెత్తమని అడగను. ఎత్తితే వేదిక మీదున్నవాళ్ళతో సహా ఎత్తాలి.

తర్వాత కథ మీరు ఊహించగలరు. మొదటి కోత కాయలు ఆయనకే వేశాం. ఇంకా సరిగ్గా ఎండకముందే కల్లంలోనే తూకం, ఆయన చెప్పిందే ధర. గుంటూరు యార్డుకి తోలుకుంటే ఎంతొచ్చేదో ఆ లెక్క నేనింతవరకూ వేయలేదు. వేస్తే నిద్ర పట్టదు. ఫిబ్రవరిలో సంఘం కిస్తీ 2,400 కట్టలేకపోయాను. కిస్తీ తేదీకి పడకపోతే సున్నా వడ్డీ నాకొక్కదానికే కాదు, సంఘమంతటికీ పోయేది. అందుకని మిగతా పదిమంది తలా 240 వేసి నా కిస్తీ కట్టారు. అందులో భర్త లేని ఒక వదిన, రోజూ పత్తి తీతకి పోయి కిలోల లెక్కన తెచ్చుకున్న డబ్బులో నుంచి 240 తీసి బల్ల మీద పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు మేం ఆలోచించింది ఏమిటంటే, క్రిస్మస్ మానుకోవాలని కాదు. అది ముందే చెప్తున్నాను, ఎందుకంటే పెద్దలొచ్చి పొదుపు గురించి చెప్పినప్పుడల్లా పండగలకి ఖర్చు పెట్టకండి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు రోజూ జొన్న సంగటి, వరిగ అన్నం. ఈ మెట్టంతా అంతే. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో వదిలాక కదా కుడి కాలవ కింద మనకి వరి అన్నం రోజూ కూడు అయింది. అంతకుముందు వరి అన్నం అంటే పండగ, పండగంటే వరి అన్నం. ఇంకా వెనక్కి పోతే ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న పేదలకి అక్కడ కూలి ఇప్పించాడు. అలాంటి రోజులు చూసిన వాళ్ళ మనవలం, మునిమనవలం మనం. ఏడాదికి ఒక్కరోజు ఇంటికొచ్చిన మనిషికి కడుపునిండా పెట్టాలనిపించడంలో తప్పేముంది? తప్పు దాచిపెట్టడంలో ఉంది. మేం చేసిన మార్పు కూడా అదొక్కటే. నవంబరు మొదటి మీటింగులో పుస్తకంలో ‘క్రిస్మస్ పండగ’ అని పెద్దక్షరాలతో రాశాం, కింద సంక్రాంతి రాశాం. రంజాన్‌కి దాని నెల దానిది. రాశాక అందరం కలిసి లెక్క వేశాం.

ఆ లెక్క ఎలా వేశామో చెప్తాను. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మనం ఎప్పుడూ సరుకుల పేర్లతో మొదలెడతాం. బియ్యం ఇన్ని కిలోలు, నూనె ఇన్ని లీటర్లు అని. ఎందుకు ఇన్ని అంటే పోయినేడు అంతే తెచ్చాం అంటాం. అలా కాకుండా పూటలతో మొదలెట్టండి. మాకు వచ్చే పూటలు ఇవి. 24 రాత్రి, గుళ్ళో ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు టీ, ఒక కేకు ముక్క, అంతకంటే ఎవరూ తినరు. 25 పొద్దున టిఫిను. 25 మధ్యాహ్నం పెద్ద భోజనం. 25 రాత్రి, పొద్దుటి మిగులే, దానికి పెరుగన్నం చాలు. 26 పొద్దున చుట్టాలు వెళ్ళేటప్పుడు ఒక పూట. తర్వాత 31 రాత్రి, ఒకటో తారీఖు మధ్యాహ్నం. డబ్బంతా 25కే ఊడ్చేసి ఒకటో తారీఖుకి మళ్ళీ కొట్టు ముందు నిలబడేది మనమే కదా, అందుకని అది కూడా ఇప్పుడే రాయాలి.

ఒక ముఖ్యమైన సంగతి. మీ గుళ్ళో 25 మధ్యాహ్నం ప్రేమ విందు ఉందా, లేదా? ముందే పెద్దల్ని అడగండి. ఒక ఏడాది మేం తలా రెండు కిలోల బియ్యం గుడికి ఇచ్చాం, అందరం అక్కడే తిన్నాం, ఇంటి దగ్గర వండింది వండినట్టే ఉంది. ప్రేమ విందు ఉంటే ఇంట్లో పెద్ద వంట రాత్రికి మార్చుకోవాలి.

పూట పక్కన మనుషుల పేర్లు రాయండి. సంఖ్య కాదు, పేర్లు. మా ఇంట్లో 25 మధ్యాహ్నానికి 15 పేర్లు వచ్చాయి, అందులో నలుగురు చిన్నపిల్లలు. పిల్లలిద్దరిని ఒక పెద్ద మనిషిగా పట్టుకుంటే 13. పలావుకి మనిషికి 125 గ్రాముల బియ్యం, అంటే కిలోకి ఎనిమిది మంది. పదమూడు మందికి కిలో ఆరు వందలు. మారు వడ్డనకి కలిపి రెండు కిలోలు. నేను అయిదు కిలోలు పోసిన సంగతి ఇందాక చెప్పాను. కోడికూర మనిషికి 200 గ్రాముల లెక్కన రెండున్నర నుంచి మూడు కిలోలు. గోంగూర మాంసానికి ఒక కిలో. పేర్లు రాసేటప్పుడు మా సంఘంలో ఒక చెల్లెలు రాసిన కాగితం చూశాం. పద్నాలుగు పేర్లు ఉన్నాయి, తన పేరు లేదు. ఏమ్మా, నువ్వు తినవా అంటే నవ్వింది. అప్పటినుంచి మా తీర్మానం, కాగితం మీద మొదటి పేరు వండే మనిషిది ఉండాలి. వినడానికి చిన్న విషయం. కానీ మొదటి పేరు నాది రాసినప్పుడు నాకు చెయ్యి వణికింది, నిజంగా.

పేర్ల కింద ఇంకో వరస. కూలి పోయే రోజులు. డిసెంబరు అంటే పత్తి తీత. మనకి చేతిలో డబ్బు ఆడేది ఆ వారాల్లోనే. పండగకి మూడు రోజులు, ఒకటో తారీఖు ఒకరోజు, మొత్తం నాలుగు రోజుల కూలి పోతుంది. అది ఖర్చు కాదనుకుంటాం, కానీ ఖర్చే. ఇక మిరప రైతుల ఇళ్ళకొస్తే డిసెంబరు ఇంకా కష్టం. పైరు మీద మందులకి పెట్టుబడి పోతూనే ఉంటుంది, కాయ ఎర్రబడి డబ్బు వచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. మన నేలలో క్రిస్మస్ ఎప్పుడూ మిరప డబ్బు కంటే ముందే వస్తుంది. ఆ సందులోనే నూటికి మూడు వడ్డీ మనిషి మన గుమ్మంలోకి వస్తాడు.

దానికి మేం చేసింది పండగ పొదుపు. మామూలు పొదుపు ముట్టుకోలేదు. జూన్ మొదలు నవంబరు ఆఖరు దాకా 26 వారాలు, వారానికి 100 వేరే డబ్బాలో. 2,600 అయింది. అంతతో పండగ మొత్తం గడవదు. కానీ ఖాతా పెట్టకుండా నిలవ సరుకు మొత్తం కొనడానికి సరిపోయింది. గొడవ రాలేదా అంటే వచ్చింది. ఒకామె భర్తకి జబ్బు చేసి అయిదు వారాలు కట్టలేదు. ఆమె వాటా తగ్గించాలని ఇద్దరు, వద్దని మిగతావాళ్ళు. రెండు మీటింగులు దాని మీదే గడిచాయి. చివరికి సరుకు అందరితో సమానంగా ఇచ్చి, ఆ 500 పత్తి తీత వారాల్లో ఆమె దగ్గర తీసుకున్నాం. ఇచ్చేసింది కూడా.

ఇప్పుడు కొనడం. మా ఆరుగురికి డిసెంబరు 25, ఆ నలుగురికి జనవరి 14. మధ్యలో మూడు వారాలు. ఇద్దరికీ కావలసింది చూస్తే అవే సరుకులు. అరిసెలకి బియ్యం, బెల్లం, నువ్వులు. సున్నుండలకి మినుములు, నెయ్యి. చక్రాలకి శనగపిండి, వాము, నూనె. వాళ్ళు పండక్కి మన ఇంటికి అరిసెలు పంపుతారు, మనం వాళ్ళకి పంపుతాం. పళ్ళేలు అటూ ఇటూ తిరుగుతున్నాయి గానీ సరుకు మాత్రం ఎవరికి వారు చిల్లర కొట్లో అరకిలో, పావుకిలో లెక్కన కొంటున్నాం. ఇదేం తెలివి? నవంబరు ఆఖరు వారంలో అయిదుగురం కలిసి గుంటూరు పట్నం బజారుకి వెళ్ళాం. పదిమందికీ రెండు పండగలకీ కావలసిన బెల్లం, పప్పులు, నూనె ఒకేసారి తీసుకున్నాం. రంజాన్ చెల్లెలు కూడా నూనె, శనగపప్పు తీసుకుంది. తిరుగు ఆటో కిరాయి అందరం పంచుకున్నాం.

నూనె దగ్గర ఒక జాగ్రత్త. డబ్బా మీద 15 కిలోలా, 15 లీటర్లా చూడండి. రెండూ ఒకటి కాదు. లీటరు నూనె తూకం 910 గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే 15 లీటర్ల డబ్బాలో దాదాపు పదమూడున్నర కిలోల నూనే. ఒక కొట్లో కిలోల డబ్బా, ఇంకో కొట్లో లీటర్ల డబ్బా ధరలు పక్కపక్కన పెట్టి చౌక అనుకుని మోసపోయాం ఒకసారి. ఎవరో మోసం చేయలేదు, అక్కడ రాసే ఉంది, మేమే చూడలేదు.

బెల్లం. పసుపు పచ్చగా మెరిసిపోతున్నదాన్ని చూసి మనం మోజుపడతాం. ఆ రంగు రావడానికి హైడ్రోసు కలుపుతారు చాలాచోట్ల. కాస్త నల్లగా, ముదురు రంగులో ఉన్నదే మంచిది, ధర కూడా ఒక్కోసారి తక్కువే. అనకాపల్లి బెల్లం అని చెప్పినా, ఇంకేం చెప్పినా, దిమ్మ మొత్తం కొనేముందు ఒక ముక్క తెచ్చి పాకం పెట్టి చూడండి. ఉండపాకం సరిగ్గా రాని బెల్లమైతే అరిసె నూనెలో వెయ్యగానే విచ్చిపోతుంది, పిండీ పోతుంది, నూనే పోతుంది, మనసూ పోతుంది. మా లెక్క కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం మాత్రం రేషను బియ్యమే. ఒక రాత్రంతా నానాలి. సన్నబియ్యం అరిసెకి పనికిరాదని మా అత్తగారి తీర్పు, దాని మీద అప్పీలు లేదు.

పంచుకోవడం మాత్రం అందరూ ఉండగా, అందరి కళ్ళ ముందు కాటా పెట్టి పంచండి. మొదటిసారి ఒక ఇంట్లో పెట్టి పంచితే, దిమ్మ అడుగు ముక్క నాకిచ్చారు, తడి ముక్క నాకిచ్చారు అని నెలరోజులు మాటలు లేవు. రెండోసారి మీటింగు చోటే కాటా పెట్టాం.

పిండివంటలు కూడా కలిసే చేశాం. ఇద్దరిద్దరి ఇళ్ళ చొప్పున ఒక రోజు. ఒకరు పాకం దగ్గర, ఒకరు ఒత్తడం, ఒకరు నూనె దగ్గర. ఒక్కదాన్నే చేస్తే గ్యాసు బండ సగం అయిపోతుంది, నడుం మొత్తం పోతుంది. మేం బయట కట్టెల పొయ్యి పెట్టుకున్నాం. గ్యాసు, కట్టెలు కూడా లెక్కలో రాయండి, సరుకు కాదని వదిలెయ్యకండి.

చివరి వారానికి మిగిలేవి మాంసం, గుడ్లు, పాలు, కూరగాయలు. ఇవి ముందు కొనలేం, కానీ ముందు చెప్పుకోగలం. గుడ్ల ధర ఈ కాలంలో పెరుగుతుంది, చలికాలం, కేకులు, రెండూ కలిసి. కోడి దగ్గర ధర అడిగేటప్పుడు ప్రాణంతో తూకమా, కోసిన మాంసం తూకమా అడగండి. రెండు కిలోల కోడి తోలు తీసి కోస్తే కిలోన్నర కూడా రాదు. మాంసానికి మేం పాత పద్ధతికే పోయాం, నాలుగిళ్ళు కలిసి ఒక పొట్టేలును తీసుకుని పోగులేసుకున్నాం. దుకాణంలో కిలో అడిగితే ఏ ముక్క వేస్తాడో తెలియదు, పోగులో అన్నీ వస్తాయి. ఖర్చు మరీ తక్కువేం కాలేదు గానీ, 25 పొద్దున వరసలో నిలబడే పని తప్పింది.

కేకు సంగతి క్లుప్తంగా చెప్తాను. పిల్లలకి క్రీము కేకు కావాలి, పెద్దవాళ్ళెవరూ రెండో ముక్క తినరు. అరకిలో కొనండి చాలు. ప్యాకెట్టు మీద తయారైన తేదీ చూడండి. మా చిన్నమ్మాయి కుక్కరులో ఉప్పు పోసి, దాని మీద గిన్నె పెట్టి ఇంట్లోనే చేస్తుంది. పైన కాస్త బీట వారుతుంది. తినేవాళ్ళెవరూ దాన్ని చూడరు.

ఇక తాగేవి. డిసెంబరు మొదలైతే చాలు క్యారల్స్ పిల్లలు నక్షత్రం పట్టుకుని రాత్రి పదకొండుకో పన్నెండుకో వస్తారు. చలిలో పాడి పాడి వచ్చిన పిల్లలకి కూల్‌డ్రింకు ఇస్తాం, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అల్లం వేసిన టీ ఇవ్వండి. లీటరు పాలకి అర లీటరు నీళ్ళు కలిపితే చిన్న గ్లాసులకి పదిహేను మందికి పైనే వస్తుంది. వాళ్ళు ఏ రోజు మన వీధికి వస్తారో ముందే కనుక్కుని పాలకేంద్రంలో చెప్పి పెట్టుకోండి. కూల్‌డ్రింకు సీసా రెండు లీటర్లది పది గ్లాసులు. పదిహేను మందికి రెండు సీసాలు, పిల్లల కోసం ఇంకొకటి. ఒకటి అయిపోయాకే రెండోదాని మూత తియ్యాలి. ఆ మూతల బాధ్యత ఇంట్లో ఒక పెద్దపిల్లకి అప్పజెప్పండి, అంతే.

ఇంకో తాగేది ఉంది. (సభలో గుసగుసలు) అవును, అదే. మన కాగితం మీద ఎక్కడా ఉండదు, కానీ ఖర్చులో ఉంటుంది. మనం బెల్లం దగ్గర రెండు రూపాయలు బేరమాడుతుంటే అక్కడ ఒక్క సాయంత్రంలో వెళ్ళిపోతుంది. నెల్లూరు జిల్లాలో, దూబగుంటలో, చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. రోశమ్మ గారి పేరు మీ అందరికీ తెలుసు. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం నిషేధం వచ్చింది, రెండేళ్ళకే దాన్ని సడలించారు. అంత పెద్ద పోరాటం నేను చేయలేదు. నేను చేసింది, సరుకుల కాగితంలో బెల్లం కింద, నూనె కింద, ‘మందు’ అని ఒక వరస రాశాను. పోయినేడు ఎంతయిందో ఆ అంకె వేశాను. దాని కింద వరసలో చిన్నమ్మాయి ట్యూషను ఫీజు రాశాను. ఏమీ మాట్లాడలేదు. కాగితం గోడకి, కేలండరు పక్కన పెట్టాను. మా ఆయన రెండు రోజులు చూసీ చూడనట్టు తిరిగాడు. మూడోరోజు ‘ఇది అందరూ వచ్చేచోట ఎందుకు పెట్టావు’ అన్నాడు. పండగ సరుకుల కాగితం కదా, అందులో ఉన్నవే రాశాను అన్నాను. ఆ ఏడాది ఆయన మానేశాడని చెప్తే మీరు చప్పట్లు కొడతారు, కానీ మానలేదు. అంకె సగమైంది. నిరుడు కూడా సగం దగ్గరే ఉంది. నేను మాత్రం ఆ వరస రాయడం మానలేదు.

బట్టల గురించి నేను మాట్లాడను. పండగ ఖర్చులో పెద్ద ముక్క అదే, ఆ గొడవ ఇంకో రోజు పెట్టుకుందాం.

మొత్తానికి ఏమైంది అంటే, పోయిన క్రిస్మస్‌కి మా సంఘంలో ఆరుగురిలో నలుగురు బయట ఒక్క రూపాయి తేలేదు. ఇద్దరు సంఘంలోనే తీసుకున్నారు, కారణం దగ్గర ‘క్రిస్మస్ పండగ’ అని రాయించుకుని తీసుకున్నారు. వాళ్ళ కిస్తీ ఎప్పుడెప్పుడు పడాలో కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. పత్తి డబ్బు వచ్చే ఇంటికి జనవరి నుంచి, మిరప వేసిన ఇంటికి కాయ అమ్మాక మార్చి నుంచి. ఫిబ్రవరి బ్యాంకు కిస్తీ 11 మందిమీ తేదీకి కట్టాం. ఆ 240 ఇచ్చిన వదిన ఈసారి మా ఇంట్లోనే తిన్నది. మా కాగితంలో రెండో పేరు ఆవిడదే.

సమాఖ్య పెద్దలకి నా విన్నపం రెండు మాటలు. అప్పుల రిజిస్టరులో కారణాల జాబితాలో ‘పండగ’ అని ఒకటి చేర్చండి. అది లేనందువల్లే మేం గేదెల్ని తోలుకొచ్చాం. (నవ్వులు) రెండోది, నవంబరులో మండలం మొత్తానికి కలిపి బెల్లం, నూనె కొనే వీలుందేమో చూడండి. పదిమందిమే వెళ్తే కొట్టాయన కుర్చీ వేశాడు, వెయ్యిమంది తరపున వెళ్తే తూకం కూడా మన కాటా మీదే వేస్తాడు.

మా సంఘం పోయినేడు రాసిన కాగితం, పూటలు, పేర్లు, లెక్కలు అన్నీ ఉన్నది, జెరాక్సులు 60 తెచ్చాను. వెనక మంచినీళ్ళ డ్రమ్ము పక్కన బల్ల మీద ఉన్నాయి. ‘మందు’ వరస కూడా అందులో ఉంది, కొట్టెయ్యలేదు. గ్రామ సంఘానికి ఒకటి చొప్పున తీసుకెళ్ళండి. చదవడం రాని అక్కలు పిల్లలతో చదివించుకోండి. నవంబరు మొదటి మీటింగు మాకు మంగళవారం పడింది, లెక్క వెయ్యడంలో ఎవరికైనా సాయం కావాలంటే ఆ రోజు సాయంత్రం మా ఊరికి రండి, టీ మేమిస్తాం.